పెరిగిపోయిన హెడ్జ్‌ని పీకించకండి, కింది నుంచి ఆకు తెప్పించుకోవచ్చు

మీ ప్రశ్నలో నాకు అర్థమైనది ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. 12 ఏళ్ల కిందట వేసిన గోరింట హెడ్జ్ (మొక్కల కంచె), 30 అడుగుల పొడవు. నాలుగేళ్లుగా కత్తెర పడలేదు. ఇప్పుడు 12 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం అయింది. మీ పెరటి వైపు నుంచి చూస్తే 7 అడుగుల దాకా కర్రలే, ఆకంతా పైన గొడుగులా ఉంది. అవతలి వైపు 4 అడుగుల నుంచి పలచగా ఆకుంది. ఒక మూల రెండు తూజా మొక్కలు కలిసిపోయాయి. హెడ్జ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎదురింటి మేడ మీది బాల్కనీలోకీ, దారిన పోయేవాళ్లకీ కనిపిస్తున్నారు. ఇంకా ఎత్తు పెంచాలేమో అని మీ అనుమానం. పనికి వచ్చినతను మొత్తం పీకేసి కొత్తవి నాటుదామన్నాడు.

పీకించకండి. ఎత్తు కూడా పెంచకండి. 12 ఏళ్ల వేరు చేతిలో ఉంది, దాన్ని పోగొట్టుకుంటే కొత్త మొక్కలు ఆ బలం తెచ్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. మీ హెడ్జ్‌లో లోపం ఒకటే, ఆకు ఉండాల్సిన చోట లేదు.

లెక్క వేసి చూద్దాం. మీరు కూర్చున్నప్పుడు కన్ను నేల నుంచి 4 అడుగుల ఎత్తులో ఉంటుంది. బాల్కనీలో నిలబడ్డ మనిషి కన్ను 16 అడుగుల ఎత్తులో ఉందనుకోండి. మీ కుర్చీ హెడ్జ్‌కి 6 అడుగుల దూరంలో, బాల్కనీ అటువైపు 34 అడుగుల దూరంలో ఉన్నాయి. మొత్తం 40 అడుగుల దూరంలో చూపు 12 అడుగులు దిగుతోంది, అంటే అడుగుకి 0.3. మీ దగ్గర్నుంచి 6 అడుగుల్లో 1.8 అడుగులు లేస్తుంది. 4కి 1.8 కలిపితే 5.8. ఆ మనిషి చూపు మీ హెడ్జ్‌ని దాటేది నేల నుంచి 6 అడుగుల లోపే. అక్కడ మీకున్నవి ఒట్టి కర్రలు. పైన ఉన్న ఆకు ఎంత దట్టంగా ఉన్నా మిమ్మల్ని దాచడంలో దానికి పాత్ర లేదు. పైగా కిందికి వెలుగు దిగకుండా ఆపి, ఈ ఖాళీని చేసిందే అది.

అదే కుర్చీని హెడ్జ్‌కి 16 అడుగుల దూరానికి వెనక్కి జరిపితే లెక్క మారుతుంది. దూరం 50 అడుగులు, అడుగుకి 0.24, అప్పుడు హెడ్జ్ దగ్గర చూపు దాదాపు 7.8 అడుగుల ఎత్తులో దాటుతుంది. కంచెకి దగ్గరగా కూర్చుంటే తక్కువ ఎత్తే చాలు. ఇది తెలియక చాలామంది హెడ్జ్‌ని పైకి పెంచుకుంటూ పోతారు. మీరిచ్చిన దూరాలు కంటి అంచనాలే అన్నారు కాబట్టి టేపుతో ఒకసారి కొలవండి. అంతకంటే సులువైన దారి ఇంకొకటి ఉంది. ఒక పొడవాటి కర్రకి ఎర్ర గుడ్డ కట్టి హెడ్జ్ దగ్గర ఒకరిని పట్టుకోమనండి. మీరు కుర్చీలో కూర్చుని బాల్కనీ వైపు చూస్తూ, ఆ గుడ్డ బాల్కనీ మనిషి తలకి అడ్డొచ్చేదాకా పైకి కిందికి జరిపించండి. అడ్డొచ్చిన చోట గుర్తు పెట్టుకోండి. తల పూర్తిగా దాగడానికి ఇంకో అర అడుగు, మీరు లేచి నిలబడినప్పుడు కూడా చాటు కావాలంటే మరికొంచెం. మీ కొలతలకి 7 అడుగులు సరిపోతుంది. దాన్నే లక్ష్యంగా పెట్టుకుని మిగతాది చెప్తాను.

కొమ్మ చివర ఉన్న మొగ్గ తనకింద ఉన్న మొగ్గల్ని లేవనివ్వదు. చివర తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని అణచి ఉంచుతుంది. ఆ చివర కోసేస్తే అణచేది పోతుంది, కోత కింద ఉన్న రెండు మూడు కణుపుల నుంచి కొత్త ఇగుర్లు వస్తాయి. పాత కర్రలో కూడా బెరడు కింద ఏళ్ల తరబడి నిద్రపోతున్న మొగ్గలుంటాయి. వాటిని లేపడానికి రెండు కావాలి, పైన కోత, ఒంటి మీద వెలుగు. పైన కోసి గొడుగు అలాగే ఉంచితే లేవవు. ఆకుల మీదే కత్తెర ఆడిస్తే పైపొర మందమవుతుంది గానీ లోపల చీకటి అలాగే ఉంటుంది.

అయితే అన్ని మొక్కలకీ పాత కర్ర నుంచి చిగురించే శక్తి ఉండదు. మీ విషయంలో జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. గోరింట మొండిది. ఆకు కోసం సాగు చేసేవాళ్లు దాన్ని నేల దగ్గరికి కోస్తూనే ఉంటారు, అయినా మళ్లీ గుబురుగా లేస్తుంది. మందార, డ్యురంటా, బోగన్‌విలియా, గన్నేరు, కామిని, ఫైకస్ కూడా గట్టి కోతకి తట్టుకుంటాయి. తూజా అలా కాదు. దానికి ఆకున్న పచ్చటి భాగం నుంచే కొత్త పెరుగుదల వస్తుంది. లోపలి గోధుమరంగు కర్ర దాకా కోస్తే అక్కడ మళ్లీ ఆకు రాదు, ఆ బోడితనం శాశ్వతం. సైప్రస్, జునిపర్ కూడా ఇంతే. కాబట్టి మూల ఉన్న ఆ రెండు తూజాలకి ఇప్పుడే ఒక రంగు తాడు కట్టండి. పనివాళ్లకి ముందే చూపించి, వీటి మీద రంపం పెట్టొద్దు, పచ్చ అంచులు మాత్రమే కత్తిరించాలి అని చెప్పండి. నోటిమాట మరిచిపోతారు, తాడు కళ్లెదుట ఉంటుంది. వాటి అడుగు ఇప్పటికే బోడిగా ఉంటే వాటి ముందు వైపు నీడని ఓర్చుకునే పొట్టి మొక్క ఒకటి నాటుకోవడమే దారి.

గోరింటలో కూడా ఏ కర్ర బతికుందో తెలుసుకుని కోయాలి. బొటనవేలి గోరుతో బెరడు మీద చిన్నగా గీరండి. పైపొర లేచి కింద తడిగా, లేత ఆకుపచ్చగా కనిపిస్తే ప్రాణం ఉంది. పొడిగా, గోధుమరంగులో పొట్టులా రాలితే అక్కడికి చచ్చింది, ఇంకో జానెడు కిందికి వెళ్లి గీరండి. నేలదాకా పొడిగానే ఉంటే ఆ కర్రని మొదట్లోకి తీసేయండి. ఇలా ఎండుకర్ర తీస్తేనే సగం వెలుగు లోపలికి వస్తుంది.

ఇక అసలు కోత. నేను మొదట్లో చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకుండా ఉండటానికి. మీదాని లాంటిదే ఒక కామిని హెడ్జ్‌ని రెండు వైపులా, పైనా ఒకే వారంలో కర్రల దాకా కొట్టేశాను, అదీ నడి ఎండాకాలంలో. ఏళ్ల తరబడి నీడలో ఉన్న బెరడు ఒక్కసారి ఎండకి తగిలి, పడమటి వైపు కర్రలు కాలినట్టు పగుళ్లిచ్చాయి. నాలుగోవంతు మొక్కలు తేరుకోలేదు. మిగిలినవి ఆకు పట్టేదాకా పది నెలలు ఇల్లంతా బయటికి కనిపిస్తూనే ఉంది. మొక్క తట్టుకుంటుందా అన్నదొక్కటే చూశాను, ఇంట్లోవాళ్లు ఆ పది నెలలు ఎలా ఉండాలో ఆలోచించలేదు. అప్పట్నుంచి ఏ హెడ్జ్‌నైనా రెండు విడతల్లోనే చేస్తున్నాను, మధ్యలో కనీసం ఒక పెరుగుదల కాలం వదిలి.

మొదటి విడతకి వానలు మొదలయ్యే ముందు రోజులు మంచివి. గాలిలో తేమ ఉంటుంది, ఎండ తీవ్రత తగ్గుతుంది, కోసిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఇగుర్లు కనిపిస్తాయి. మంచు పడే చలి ప్రాంతంలో ఉంటే చలికాలం చివర, కొత్త చిగురు రావడానికి కాస్త ముందు. నడి ఎండాకాలం వద్దు, ముసురు పట్టి రోజుల తరబడి తడి ఆరని రోజులూ వద్దు. కోతకి రెండు రోజుల ముందు వేరు దాకా దిగేలా నీళ్లు పెట్టండి. కోసే ముందు లోపల చెయ్యి పెట్టకుండా, ఒక కర్రతో కదిలించి చూడండి. గుడ్లో పిల్లలో ఉన్న పిట్టగూడు కనిపిస్తే ఆ భాగం పిల్లలు ఎగిరిపోయేదాకా వదిలేయండి, కొన్ని వారాలు ఆగితే హెడ్జ్‌కి నష్టమేం లేదు. కందిరీగల తుట్టె, పాము కూడా ఇలాంటి గుబుర్లలోనే ఉంటాయి. ముదురు గోరింట కొమ్మల చివర్లు ముళ్లలా ఉంటాయి కాబట్టి మందపాటి గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. పైన కరెంటు తీగ ఏదైనా కొమ్మలకి దగ్గరగా ఉంటే ఆ భాగం మీరు ముట్టుకోవద్దు, కరెంటు వాళ్లకే చెప్పండి.

ఈ విడతలో చేయాల్సినవి మూడు. మొదటిది, ఎత్తుని 12 నుంచి 8 అడుగులకి దించండి. మూడోవంతు పోతుంది, ఒక విడతకి అంతకంటే ఎక్కువ పైనుంచి తీయొద్దు. రెండోది, మీ పెరటి వైపుకి చాచుకున్న పక్క కొమ్మల్ని నడిమి కాండాల నుంచి జానెడు ఉంచి కోసేయండి. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది. ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి పెట్టుకోండి. అవతలి వైపు మాత్రం అంచులు సవరించడం తప్ప ఏమీ చేయొద్దు, ఈ ఏడాదికి మీ చాటు అదే. మూడోది, చాలామంది వదిలేసేది. నేల నుంచి లేచిన కాండాల్లో అన్నిటికంటే ముదురువి, లావువి చూసి నాలుగింటికి ఒకటి చొప్పున నేల నుంచి అర అడుగు ఎత్తులో రంపంతో కోసేయండి. పక్కపక్కన ఉన్నవి రెండూ తీయొద్దు, ఖాళీ పడుతుంది. ఆ మోళ్ల నుంచి వచ్చే పిలకలే మీ హెడ్జ్‌కి అడుగు ఆకు. పైనెంత కోసినా 4 అడుగుల కింద పాత కర్ర మీద ఆకు రావడం కష్టం, కానీ నేల దగ్గర మోడు నుంచి గుబురుగా వస్తుంది.

పనిముట్ల విషయంలో ఒక మాట. వేలెడు లావు లోపు కొమ్మకి సికేచర్ (ఒంటిచేత్తో వాడే కొమ్మల కత్తెర), అంతకంటే లావైన వాటికి పొడుగు పిడుల లాపర్, ఒకటిన్నర అంగుళం దాటితే రంపం. లావు కొమ్మని సికేచర్‌తో బలవంతంగా నొక్కితే తెగదు, నలుగుతుంది. నలిగిన చోట కుళ్లు మొదలవుతుంది. బరువైన కొమ్మని ఒకే కోతలో పైనుంచి కోయొద్దు, తెగేలోపే అది వాలి కాండం బెరడుని పొడుగునా చీల్చుకుపోతుంది. ముందు కొంచెం దూరంలో కింది నుంచి మూడోవంతు కోసి, దానికి ఇంకాస్త బయటగా పైనుంచి కోసి బరువు దింపేయండి. కొమ్మని పూర్తిగా తీసేయాలంటే చివరికి మిగిలిన ముక్కని కాండం దగ్గర ఉబ్బెత్తుగా ఉండే మెడని వదిలి కోయండి. ఆ మెడ మొక్క తనకి తాను గాయం మూసుకునే చోటు. చాలామంది కోత మీద పెయింట్, తారు పూయమంటారు, అక్కర్లేదు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షీగో వేల చెట్లని చీల్చి చూసి, చెట్టు గాయాన్ని మనలాగా మాన్పుకోదనీ, దెబ్బతిన్న భాగం చుట్టూ లోపల గోడ కట్టుకుని కుళ్లుని అక్కడే ఆపుతుందనీ చూపించాడు. పూత ఆ పనికి సాయపడదు, పైగా తేమని లోపల బంధిస్తుంది. మీరు చేయాల్సింది పదునైన బ్లేడుతో నున్నగా కోయడం, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వెళ్లేటప్పుడు బ్లేడుని సర్జికల్ స్పిరిట్‌తో తుడవడం.

కోసిన తర్వాత మొదటి నెల మీకు టెన్షన్‌గా ఉంటుంది. రోజూ వెళ్లి చూస్తారు, కర్రలు కర్రల్లాగే ఉంటాయి. ఆ సమయంలో యూరియా గుప్పించొద్దు. ఆకు లేని మొక్కకి అంత ఎరువు వాడుకునే దారి లేదు. ఇగుర్లు వచ్చాక వేసినా నత్రజని ఎక్కువైతే మెత్తగా, నీరు పట్టినట్టు పెరిగి పేనుబంకకీ పిండినల్లికీ విందవుతుంది. మొదళ్ల చుట్టూ రెండు అంగుళాల మాగిన కంపోస్టు, దానిమీద మూడు అంగుళాల ఎండుటాకు లేదా కోసిన కొమ్మల ముక్కలు పరవండి. కాండానికి మాత్రం నాలుగు వేళ్ల దూరం వదలండి, తగిలితే మొదలు మెత్తబడుతుంది. నీళ్ల దగ్గర కూడా జాగ్రత్త. ఆకు తగ్గింది కాబట్టి మొక్క తాగేదీ తగ్గింది. పై రెండంగుళాల మట్టి ఆరాకే మళ్లీ పెట్టండి.

తర్వాత ఒకరోజు కణుపుల దగ్గర ఆవగింజంత ఉబ్బులు కనిపిస్తాయి. కొన్ని బెరడు చీల్చుకుని ఎర్రటి మొనలా వస్తాయి. అవి జానెడు పొడవు అయ్యేదాకా ఆగి, అప్పుడు ఒక్కో ఇగురుని సగానికి గిల్లేయండి. ఇన్నాళ్లకి వచ్చిన ఆకుని తుంచడానికి మనసు ఒప్పదు, నాకు ఇప్పటికీ ఒప్పదు. కానీ హెడ్జ్ చిక్కబడేది ఈ గిల్లడంలోనే. ఒక ఇగురుని వదిలేస్తే ఒక పొడుగు కర్ర అవుతుంది. గిల్లితే రెండవుతుంది, ఆ రెండూ జానెడు పెరిగాక మళ్లీ గిల్లితే నాలుగు, మూడోసారికి ఎనిమిది. పెరిగే కాలంలో నెలకో నెలన్నరకో ఒకసారి చొప్పున మూడుసార్లు చేస్తే ఆ ఏడాది చివరికి మీ వైపు కింద చెయ్యి దూరనంత ఆకు ఉంటుంది.

మరుసటి ఏడాది అదే కాలంలో, మీ వైపు నిండుగా ఉందని నిర్ధారించుకున్నాకే అవతలి వైపు ముట్టుకోండి. అటువైపు పక్క కొమ్మల్ని అలాగే లోపలికి కోసి, ఎత్తుని 8 నుంచి 6 అడుగులకి దించండి. కావాల్సింది 7 కదా, 6 ఎందుకంటే కోసిన చోటు నుంచి వచ్చే కొత్త ఆకు పై అడుగుని నింపాలి. సరిగ్గా 7 దగ్గర కోస్తే పై అంచు ఎప్పుడూ మోళ్లతో, కన్నాలతో ఉంటుంది. అవతలి వైపు పక్కింటివాళ్ల స్థలంలోకి వెళ్లాల్సి వస్తే ముందే మాట్లాడుకోండి. కొమ్మలు ఎటు పడతాయో, చెత్త ఎవరు ఎత్తుతారో తేల్చుకోండి. ముదురు కాండాల్లో ఇంకో నాలుగోవంతు ఈసారి నేల దగ్గరికి తీసేయండి.

ఆకారం గురించి నేను పట్టుబట్టి చెప్పేది ఒకటుంది. అడుగు వెడల్పుగా, పై భాగం సన్నగా ఉండాలి. మీ 7 అడుగుల హెడ్జ్‌కి నేల దగ్గర మూడున్నర అడుగులు, పైన 2 అడుగులు, అంటే ఒక్కో వైపు 9 అంగుళాలు లోపలికి వాలాలి. గోడలా నిటారుగా కోస్తే కొద్ది నెలల్లోనే పైభాగం ఉబ్బుతుంది, ఎందుకంటే వెలుగు పైనే ఎక్కువ. ఉబ్బిన పైభాగం కిందికి నీడ వేస్తుంది, కింద ఆకు రాలుతుంది, మళ్లీ ఇదే ప్రశ్నతో వస్తారు. కంటితో వాలు పట్టడం ఎవరికీ రాదు. రెండు కొనల్లో వాలుగా కర్రలు పాతి, కింద ఒకటి, పైన ఒకటి దారం కట్టి, ఆ దారాల్ని చూస్తూ కోయండి. ఎప్పుడూ కింది నుంచి పైకి కోసుకుంటూ రండి, పైనుంచి మొదలుపెడితే పడిన కొమ్మలు కింది దారాన్ని కప్పేస్తాయి. ఆ తర్వాత కూడా ఏడాదికి రెండుసార్లు, కత్తెర పని అయ్యాక సికేచర్‌తో అక్కడక్కడా పిడికిలి పట్టేంత కన్నాలు లోపలికి తీయండి. కొద్ది వారాల్లో కనిపించకుండా పోతాయి, కానీ వెలుగు నడిమి దాకా వెళ్లి లోపలి ఆకుని బతికిస్తుంది.

చచ్చిన మొక్కల చోట పడిన ఖాళీల గురించి కూడా అడిగారు. అక్కడ కొత్త మొక్క పెడితే చాలామందికి బతకదు, రెండు వైపులా పాత వేళ్లు నీళ్లు లాగేసుకుంటాయి. ఒకటిన్నర అడుగు లోతు తవ్వి, అడ్డొచ్చిన పాత వేళ్లు తెంపి, కొత్త మట్టి నింపి నాటితేనే లాభం. చిన్న ఖాళీ అయితే పక్క మొక్క నుంచి వచ్చిన లేత పిలకని అడ్డంగా వంచి, పక్క కర్రకి మెత్తటి గుడ్డ పేలికతో కట్టండి. వంచిన కొమ్మ పొడుగునా నిటారుగా ఇగుర్లు లేస్తాయి. నాకు ఇదే ఎక్కువసార్లు పనిచేసింది.

ఈలోపు చాటు కోసం, మీ కుర్చీ వెనకాల కాదు, హెడ్జ్‌కి అవతలి అంచున రెండు గుంజలు పాతి గ్రీన్ నెట్ కట్టుకోండి. మీ వైపు కడితే కొత్త ఇగుర్లకి రావాల్సిన వెలుగు ఆగిపోతుంది. అవతలి ఆకు మీదా నీడ పడకుండా అడుగున్నర దూరం ఉంచండి.

గన్నేరు ఏమైనా కలిసి ఉందా అని అడగడం మర్చిపోయాను. ఉంటే దాని పాలు చర్మానికి తగలనివ్వొద్దు, కోసిన కొమ్మల్ని కాల్చొద్దు, పశువులకి అందేచోట పడేయొద్దు. ఆకు, కాండం, పొగ అన్నీ విషమే.

ఇంత చదివాక కూడా ధైర్యం చాలకపోతే మొత్తం ఒకేసారి మొదలుపెట్టక్కర్లేదు. ఈ వారం తూజాలు లేని మూల నుంచి రెండో గోరింట మొక్కలో ఒక లావు కాండాన్ని మాత్రం నేల నుంచి అర అడుగు దగ్గర కోసి, దాని మీద పడే కొమ్మలు రెండు మూడు తీసి వెలుగు పడేలా చేయండి. నాలుగు వారాల తర్వాత ఆ మోడు దగ్గర కూర్చుని కణుపులు చూడండి. ఎన్ని ఇగుర్లు వచ్చాయో, ఏ వైపు వచ్చాయో రాసి ఒక ఫోటో పెట్టండి. మిగతావి ఎంత లోతుకి కోయొచ్చో దాన్ని చూసి చెప్తాను.